తపాలా బిళ్లంత ముఖచిత్రం

ఆ ఉదయం సేనో రెండోసారి అన్నం అడిగాడు.

తుమిరా చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. విశేషమేమీ లేనట్టు ముఖం పెట్టి, ఎర్రటి పులుసు మరికాస్త పోసి, వేయించిన చేపముక్క పక్కన పెట్టి పళ్లెం కొడుకు ముందుకు జరిపింది. అటు తిరిగి, రోడ్డు పక్కన అమ్మడానికి తీసుకెళ్లే అన్నం బుట్ట సర్దుకుంటున్నప్పుడు మాత్రం పెదవుల మీది నవ్వు దాగలేదు. రెండేళ్ల కిందట ఇదే కొడుకు గది ముందు పళ్లెం పెట్టి, ఈగలు ముసిరాక వెనక్కి తీసుకుపోయిన తల్లి ఆమె.

వాకిట్లో సేనో తండ్రి దర్సోనో నాలుగు మీటర్ల తెల్లగుడ్డను చట్రానికి బిగించి, మీసాల లేలే చేప బొమ్మకు గీత గీస్తున్నాడు. వాళ్ల ఊరు లమోంగన్. అక్కడివాళ్లు ఏ ఊరు వెళ్లినా రోడ్డు పక్కన చేపల వేపుడు బండి పెట్టుకుంటారు. ఆ బండ్ల ముందు కట్టే తెరల మీద చేపనూ కోడినీ బాతునూ రాసిపెట్టడం ముప్ఫై ఏళ్లుగా ఆయన పని.

సేనో చెల్లెలు రెత్నో మాత్రం పళ్లెం ముట్టకుండా ఫోను చూస్తూ కూర్చుంది. వెయ్యిమందిలో నలుగురు. నిన్న కూడా నలుగురే.

బడిలో లెక్కల పంతులమ్మ ఉద్యోగం మానేసి మూడేళ్లుగా ఆమె ఒక వీడియో గేమ్ తయారుచేస్తోంది. సురబయలో ఉండే స్నేహితుడు గిలాంగ్ తోడు. ఆట పేరు ‘నీళ్లమీది ఊరు’. వరదలో మునిగిన ఊళ్లో ఒక పిల్ల పడవ వేసుకుని తిరుగుతూ, కొట్టుకుపోయిన వస్తువులను ఏరి, ఎవరివి వాళ్లకు చేరుస్తుంది. పది రోజుల కిందట ఆన్‌లైన్ ఆటల అంగడిలో దానికొక పేజీ తెరిచారు. ఆ అంగడిలో వేల ఆటలుంటాయి. ప్రతి ఆటకూ గుమ్మంలా ఒక బొమ్మ, తపాలా బిళ్లంత. చూసేవాళ్లు వేలితో తోసుకుంటూ పోతారు. కన్ను ఆగినచోట నొక్కుతారు. రెత్నో ఆట బొమ్మ చూసిన ప్రతి వెయ్యిమందిలో నొక్కింది నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు లోపలికొచ్చి, ఆట ఎలా ఉంటుందో చూసి, తరువాత కొనుక్కుందామని వెంటనే విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నారు. అంటే లోపల ఇల్లు బాగానే ఉంది. గుమ్మమే ఎవరికీ కనబడడం లేదు.

ఆ గుమ్మాన్ని చిత్రించింది సేనో.

గిలాంగ్ ముందురోజే ఫోన్ చేశాడు. కొత్త ఆటలను జనం ఉచితంగా ఆడి చూసేందుకు అంగడివాళ్లు నడిపే డెమో వారం ఇంకా పంతొమ్మిది రోజుల్లో ఉందనీ, ఒక ఆటకు ఆ అవకాశం ఒక్కసారే వస్తుందనీ, ఈ బొమ్మతో వెళితే మూడేళ్ల పనిని చేతులారా పాతిపెట్టినట్టేననీ అన్నాడు. బాండుంగ్‌లో ఒక చిత్రకారిణి ఖాళీగా ఉందట, పది రోజుల్లోగా మాట చెప్పాలట. రెత్నో సరేననలేదు, కాదనలేదు.

అన్నం బుట్ట ఎత్తుకోవడానికి సాయం పడుతూ ఆమె తల్లికి విషయం చెప్పింది. తుమిరా బుట్టను మళ్లీ కింద పెట్టేసింది.

“వాడితో అనకు” అంది గొంతు తగ్గించి. “నీ ఆట ఇంకో నెల ఆగితే ఏమవుతుంది? వాడు తింటున్నాడే. పొద్దున్నే లేస్తున్నాడు. మొన్న జుట్టు కత్తిరించుకుని వచ్చాడు, చూశావా?”

రెత్నో చూసింది. అన్నీ చూసింది. యోగ్యకర్త చిత్రకళాశాలలో తరగతికే పెద్దపేరు తెచ్చుకున్న అన్నయ్య, సొంతంగా పెట్టిన మొదటి ప్రదర్శనకు మనుషులు రాక, ఒక్క బొమ్మ అయినా అమ్ముడై గోడ దిగక, ఇంటికొచ్చి గది గడియ పెట్టుకున్న రోజూ చూసింది. ఆటకు ముఖచిత్రం వెయ్యమని తను అడిగిన మర్నాడే అతను కుంచెలు కడుక్కున్నదీ చూసింది. రెండు నెలలు వేశాడు. మునిగిన వీధులు, ఇళ్లకప్పుల మీద నలభైమంది మనుషులు, నీళ్లలో తేలే పరుపులు, పీటలు, మేకలు. పైన సన్నని అక్షరాల్లో ఆట పేరు. అది చూసి ఇంట్లో అందరూ ఒక్కటే మాటన్నారు: చాలా బాగుంది.

“నెల ఆగడానికి లేదమ్మా” అంది రెత్నో. “ఈరోజే చెబుతాను.”

మధ్యాహ్నం సేనో బావి దగ్గర కుంచెలు కడుగుతున్నాడు. ఆమె వెళ్లి ఎదురుగా గట్టు మీద కూర్చుంది.

“ముఖచిత్రం గురించేగా?” అన్నాడు అతను తల ఎత్తకుండా. “పదిరోజులనుంచి నువ్వు నా మొహంలోకి చూడట్లేదు.”

“బొమ్మ మార్చాలన్నయ్యా.”

“ఎక్కడ? మబ్బులు కాస్త బరువుగా వచ్చాయి, నాకూ తెలుసు.”

“అక్కడా ఇక్కడా కాదు. మొత్తం మార్చాలి.”

అతను నీళ్లు ఒలకబోసి కుంచెలను వరసగా ఆరబెట్టాడు. ఒక్కొక్కటే, తొందర లేకుండా. “బాగుందన్నావు. ఈ గట్టు మీదే కూర్చుని అన్నావు.”

“అన్నాను. అంతకుముందే ఫోనులో చిన్నది చేసి చూశాను. ఏమీ కనబడలేదు. అయినా బాగుందన్నాను.” ఆమె ఈసారి అతని మొహంలోకి చూసింది. “అబద్ధం చెప్పాను. తప్పు నాదే.”

వంటింటి గుమ్మంలోంచి వింటున్న తుమిరా గబగబా వచ్చింది. ఆ బొమ్మ చాలా బాగుందనీ, ఈ పిల్లకు ఫోను చూసిచూసి మతి పోయిందనీ, దీని మాట పట్టించుకోవద్దనీ కొడుకు భుజం నిమురుతూ చెప్పుకొచ్చింది. సేనో అంతా విన్నాడు.

“అమ్మా, ఆ బొమ్మలో ఏముందో ఒక్కటి చెప్పు” అన్నాడు.

“ఏముందంటే... నీళ్లు. మనుషులు. అన్నీ ఉన్నాయిగా నాయనా.”

అతను తలాడించి లోపలికి వెళ్లాడు. గది తలుపు మూసుకుంది. తరువాత గడియ పడింది.

తుమిరా కూతురివైపు తిరిగింది. “ఆ చప్పుడు మళ్లీ వినిపించకూడదని నేను నమాజులో వేడుకోని పూట లేదు” అంది. “నువ్వు వినిపించావు.” ఆ తరువాత ఆమె కూతురితో మాట్లాడలేదు. దర్సోనో వాకిట్లో అంతా విని కూడా చేపకు పొలుసులు వేస్తూనే ఉన్నాడు.

రెత్నో ఆ సాయంత్రం చాలాసేపు ఆలోచించింది. బాండుంగ్ అమ్మాయి బొమ్మలు బాగున్నాయి. ఒప్పుకుంటే వారంలో పని అయిపోతుంది. కానీ ఈ ఆటలోని ప్రతి గోడనూ, ప్రతి తాటాకునూ అన్నాచెల్లెళ్లిద్దరూ చిన్నప్పుడు తమ ఊరిని ముంచిన ఒక్క వరదలోనే చూశారు. బొమ్మ మారాలి. మార్చేది అన్నయ్యే కావాలి. ఆ రెండింటిలో ఏ ఒక్కటీ వదులుకునే ఉద్దేశం ఆమెకు లేదు. గిలాంగ్‌కు ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది. అన్న మీది జాలితో అంటున్నావా అని అతనడిగాడు. కాదనీ, వారం రోజుల్లో పనికొచ్చే బొమ్మ రాకపోతే బాండుంగ్‌కు తనే ఫోన్ చేస్తాననీ చెప్పింది. తరువాత ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి గది తలుపు కిందనుంచి తోసింది.

‘రేపు పొద్దున్నే అమ్మ అన్నం అమ్మేచోట నీ బొమ్మను జనానికి చూపిస్తాను. నా మాట నమ్మకు. వచ్చి నీ కళ్లతో చూడు.’

తెల్లవారాక తుమిరా రోడ్డు పక్కన ఎప్పటి చోటే చాప వేసుకుని బుట్ట ముందు కూర్చుంది. రెత్నో పక్కనే నిలబడింది. అంగడిలో కనబడేట్టే పన్నెండు ఆటల బొమ్మలను ఒక్క తెర మీద వరసగా పేర్చుకుని తెచ్చింది. అందులో ఏడోది వాళ్లది. అన్నం పొట్లం కోసం నిలబడ్డ ప్రతివాళ్లకూ ఫోను చూపించి, ముందు మీ కన్ను ఎక్కడ ఆగింది అని అడిగింది. బడిపిల్లలు గరిటె పట్టుకున్న పిల్లి బొమ్మ దగ్గర ఆగారు. ట్రాఫిక్ పోలీసు ఎర్రటి డ్రాగన్ అన్నాడు. చేపల మార్కెట్టుకు వెళ్లే ఆడవాళ్లు, మంచులో ఒంటరిగా వెలుగుతున్న ఇల్లు అన్నారు. పధ్నాలుగుమంది అయ్యారు. ఏడోదాన్ని ఎవరూ వేలితో చూపించలేదు. తుమిరా అన్నం వడ్డిస్తూనే ఉంది. కానీ ప్రతి మనిషి వేలు ఎటు వెళుతుందో ఓరకంటితో చూస్తూనే ఉంది.

“ఈయన్ని నేనడుగుతా” అన్న మాట వెనకనుంచి వినిపించింది.

సేనో. ముఖం కడుక్కోలేదు, భుజం మీద తువ్వాలు. చెల్లెలి చేతిలోంచి ఫోను తీసుకుని, చాప అంచున కూర్చుని తింటున్న లారీ డ్రైవరు ముందు పట్టాడు. డ్రైవరు పిల్లిని చూపించాడు.

“మరి ఇది?” అన్నాడు సేనో, ఏడోదాని మీద వేలు పెట్టి.

డ్రైవరు కళ్లు చికిలించాడు. ఫోనును ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. “ఏంటది, గోడ మీద నాచా?”

బడిపిల్లలు కిసుక్కున నవ్వారు. రెత్నో అడుగు ముందుకు వేసింది. సేనో చెయ్యి అడ్డం పెట్టి ఆమెను ఆపి, ఆ బొమ్మను నొక్కి తెరంతా నిండేట్టు పెద్దది చేశాడు. డ్రైవరు నమలడం ఆపేశాడు. చాలాసేపు చూశాడు. “ఇదుగో వీడెవడో పరుపు నెత్తిన పెట్టుకున్నాడు. మా మావయ్య అచ్చం ఇలాగే... మేకని చూడు, కప్పు మీద. ఎవరు బాబూ ఇది గీసింది? చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి.”

“మరి ఇందాక కనబడలేదేం?”

“ఇందాక ఇంత లేదుగా బాబూ” అన్నాడు డ్రైవరు, అదేం ప్రశ్న అన్నట్టు.

సేనో ఫోను చెల్లెలికి ఇచ్చేసి ఇంటివైపు నడిచాడు. తుమిరా గరిటె పడేసి లేచింది. రెత్నో ఆమె చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు వెనకాల వెళితే అతన్ని మళ్లీ పసివాణ్ణి చేసినట్టేనంది. తల్లి చెయ్యి విదిలించుకోబోయి, బుట్ట ముందు నిలబడ్డవాళ్లను చూసి, కూలబడి వడ్డన మొదలుపెట్టింది. ఆ గంటలో ఆమె ఎవరికి ఏం వడ్డించిందో ఆమెకే తెలియదు.

వాళ్లు ఇల్లు చేరేసరికి గది తలుపు బార్లా తెరిచి ఉంది. సేనో వాకిట్లో, తండ్రి గుడ్డ ముందు నేల మీద కూర్చున్నాడు. ఆ గుడ్డల దగ్గరికి అతను వచ్చి ఎన్నేళ్లయిందో. కళాశాల రోజుల్లో స్నేహితులెవరైనా మీ నాన్న ఏం చేస్తారని అడిగితే మాట తప్పించేవాడు.

“చేప అటే ఎందుకు తిరిగుంది నాన్నా?” అని అడుగుతున్నాడు.

“బండ్లు అటునుంచే వస్తాయి గనక. వచ్చేవాడి మొహంలోకి చేప చూడాలి” అన్నాడు దర్సోనో.

అక్షరాలకు అంత లావు నల్లగీత ఎందుకని అడిగాడు సేనో. రాత్రి బండిలో దీపం తెర వెనకనుంచి వెలుగుతుందనీ, సన్నటి అక్షరం ఆ వెలుతురులో కరిగిపోతుందనీ తండ్రి చెప్పాడు. మోటారుసైకిల్ మీద పోయేవాడు తెరవైపు చూసేది రెప్పపాటు. ఆ రెప్పపాటులో వాడికి తెలియాల్సినవి రెండే: ఇక్కడేం దొరుకుతుంది, ఆకలేస్తోందా. మిగతావన్నీ వాడు బండి ఆపాకే. ముప్ఫై ఏళ్లలో ఆయన ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడిన రోజు లేదు.

“నా బొమ్మ సంగతి మీకు మొదటిరోజే తెలుసు కదా?”

దర్సోనో కుంచెను రంగులో ముంచి, అంచుకు ఒత్తి, అలాగే పట్టుకున్నాడు. “తెలుసు.”

“చెప్పలేదేం?”

“భయమేసింది.”

సేనో గుడ్డ మీది చేపవైపు తిరిగాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టు మాట్లాడాడు.

“కాలేజీలో మా మేస్టారు నా బొమ్మల్ని చీల్చి చెండాడేవాడు. రాత్రంతా ఏడ్చి మర్నాడు మళ్లీ గీసేవాణ్ణి. ఇక్కడ రెండేళ్లుగా ఏం చేసినా బాగుందే. అన్నం తింటే బాగుంది, స్నానం చేస్తే బాగుంది, బొమ్మ వేస్తే చూడకుండానే బాగుంది. నేనింక దేనికీ పనికిరానని మీరంతా కలిసి నిర్ణయించేసుకున్నారనుకున్నాను. నిజం వినడానిక్కూడా పనికిరానని.”

గుమ్మం దగ్గర ఖాళీ బుట్టతో నిలబడ్డ తుమిరా అక్కడే కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. సేనో లేచి వచ్చి, నిన్ను అనడం లేదమ్మా అన్నాడు.

“నన్నే అను” అంది ఆమె. “నన్నే అనాలి. ముట్టుకుంటే విరిగిపోతావేమోనని... చూపు ఆనిస్తే కూడా విరిగిపోతావేమోనని చూడ్డమే మానేశాను రా.”

ఆ మధ్యాహ్నమే సేనో కొత్త కాగితం పరిచాడు.

మొదటి నాలుగు నమూనాలూ రెత్నో వద్దంది. ఒకదాంట్లో ఇంకా పదిమంది మనుషులున్నారు. ఇంకోదాంట్లో పిల్ల వీపు మాత్రమే కనబడుతోంది. మూడోది చూడ్డానికి అందంగా ఉంది కానీ భయపెట్టే ఆటేమో అనిపిస్తోంది, లోపలికొచ్చినవాళ్లు మోసపోయామనుకుంటారు. నాలుగోదాని అంచులన్నీ ముదురు నీలం, అంగడి తెర రంగూ అదే, బొమ్మ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఒక్కొక్కదానికీ అన్నాచెల్లెళ్లు గొంతు చించుకుని వాదించుకున్నారు. ఒకసారి అతను కాగితం ఉండచుట్టి గోడకేసి కొట్టాడు. తుమిరా వంటింట్లో ఊపిరి బిగబట్టింది. గడియ చప్పుడు వినిపించలేదు. ఇంకో కాగితం పరిచిన చప్పుడు వినిపించింది.

ప్రతి నమూనానూ గోరంత చేసి, రంగు తీసేసి, నలుపు తెలుపుల్లో కూడా చూసేవారు. అలా చూసినా పిల్ల పిల్లలా కనబడాలి. చివరికి మిగిలినవి కొన్నే: పసుపు వానకోటు వేసుకున్న పిల్ల, నడుము పైనుంచి, చేతిలో పడవ గెడ, భుజం మీద తడిసిన కోడిపుంజు, వెనక ఎర్ర పెంకుల కప్పు ఒక్కటి, చుట్టూ మట్టిరంగు నీళ్లు. పేరు మాత్రం దర్సోనో రాశాడు, లావుగా, తెల్లగా, చుట్టూ నల్ల అంచుతో. లేలే చేపల బండి తెరలా ఉందని సేనో గొణిగాడు. “మరి కనబడుతోందా లేదా?” అన్నాడు తండ్రి. కనబడుతోంది. ఆ అక్షరాలను సేనో కాస్త నీళ్లలో ఊగుతున్నట్టు వంచాడు. దర్సోనో కాసేపు చూసి, అది తనకు తోచలేదని ఒప్పుకున్నాడు.

ఆరోరోజు దాన్ని అంగడిలో పెట్టారు. రెండు రోజుల్లో లెక్క తెలిసింది. వెయ్యికి పంతొమ్మిది. గిలాంగ్ ఫోన్ చేసి సంతోషంతో కేకలు పెట్టినంత పనిచేశాడు, బొమ్మను ఇంక ముట్టుకోవద్దన్నాడు. రెత్నోకు కూడా అదే అనిపించింది. మూడేళ్లలో మొదటిసారి ఆమె కడుపునిండా తింది.

భోజనాల దగ్గర సేనో ఫోనును తల్లి ముందు పెట్టాడు. “ఇప్పుడు చెప్పమ్మా. చూసి చెప్పు.”

తుమిరా చేతులు కడుక్కుని, తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. నోటిదాకా వచ్చిన పాతమాటను ఆమె మింగడం రెత్నో గమనించింది.

“పిల్ల బాగుంది. కోడి బాగుంది” అంది మెల్లగా. “కానీ ఆ కళ్లు బాగోలేవు.”

ఆమె కొడుకు ముఖం చూసింది, ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది.

“ఆ పిల్ల ఫోటో దిగుతున్నట్టు చూస్తోంది. వరదలో పడవేసుకున్న మనిషి అలా చూడదు రా. మీరిద్దరూ అటక మీద చిక్కుకున్న రోజు నేను అరటి బోదెల తెప్ప వేసుకుని వచ్చాను. దారిలో మన సామానే తేలిపోతోంది, నా పెళ్లిపెట్టె కూడా. నాకేదీ కనబడలేదు. ఆ కిటికీ ఒక్కటే కనబడింది. ఈ పిల్లకి ఎక్కడికి వెళ్లాలో తెలిసినట్టు లేదు.”

సేనో పళ్లెం పక్కకు జరిపాడు. లోపలినుంచి కాగితమూ పెన్సిలూ తెచ్చుకుని, తల్లిని వెలుతురు పడేచోట ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాడు. ఆ రోజు ఎలా చూశావో అలా చూడమన్నాడు. ఆమె సిగ్గుపడింది, ఎప్పటి మాటో ఇప్పుడెలా అంది. అతను రెత్నోను తీసుకొచ్చి ఎదురుగా, తన పక్కనే నిలబెట్టాడు.

“మేమిద్దరం కిటికీలో ఉన్నాం. ఇప్పుడు చూడు.”

తుమిరా చూసింది. చూస్తూ ఉండగానే ఆమె కళ్లు నిండిపోయాయి. “ఉండు, తుడుచుకుంటా” అంది.

“తుడుచుకో” అన్నాడు సేనో, పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తూ. “ఆరోజు నువ్వు ఏడవలేదు.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, వెన్ను నిటారుగా చేసుకుని, పిల్లలిద్దరివైపూ సూటిగా చూసింది. అతను గీయడం మొదలుపెట్టాడు.

డెమో వారం మొదటిరోజు వెయ్యిమందిలో నలభైఒక్కరు ఆ కళ్ల దగ్గర ఆగారు.